బాపుకు ఇన్సులిన్ మొదలువెట్టాల్నా, ఇంకొన్ని రోజులు గోళీల మీదనే ఆగొచ్చా?

జనగామ బిడ్డ:
అందరికీ నమస్తే. కొంచెం పెద్దగ రాస్తున్న, ఓపికతోని చదవండి. మా బాపుకు 62 ఏండ్లు, ఆర్టీసీల డ్రైవర్ చేసి రిటైర్ అయిండు. షుగర్ వచ్చి 14 ఏండ్లయితుంది. మొదట్ల మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉండె, తర్వాత గ్లిమెపిరైడ్ కలిపిన్రు, పోయిన వానకాలంల డాపాగ్లిఫ్లోజిన్ అని మూడోది కూడ ఇచ్చిన్రు. రెండేండ్ల కింద హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.6 ఉండె, పోయినేడు 8.7, మొన్న చేపిస్తే 10.6. పరగడుపున 246, తిన్నంక 358. డాక్టర్ రిపోర్టు చూసి ఇగ గోళీలతోని కాదు, రాత్రిపూట ఒక్క సూది 10 యూనిట్లు మొదలువెడదాం అని చీటి రాసిచ్చిండు. ఆ చీటి వారం రోజులసంది టీవీ కిందనే ఉంది, బాపు ముట్టుకుంటలేడు.

నాలుగు నెలల్ల 74 కిలోలున్న మనిషి 66 అయిండు. బెల్టుకు మేకుతోని రెండు కొత్త తూట్లు పొడుసుకున్నడు. రాత్రి నాలుగైదు సార్లు ఒంటికి లేస్తున్నడు, బాత్రూంల చీమలు పడుతున్నయి, మంచం పక్కన చెంబుల నీళ్ళు పెడితే తెల్లారేసరికి ఖాళీ. అడిగితే "మంచిగనే ఉన్న, సన్నగైతే షుగర్‌కు మంచిదే కదా" అంటడు.

అసలు సంగతేందంటే మా పెద్దబాపుకు ఇన్సులిన్ మొదలువెట్టిన ఏడాదిన్నరకు కాలు తీసేసిన్రు, ఇంకో ఆర్నెల్లకు ఆయన పోయిండు. బాపు మనసుల అదే పడ్డది. సూది అంటే ఆఖరి స్టేజి, ఒక్కసారి మొదలైతే సచ్చేదాక ఇడువది అంటడు. రెండు మూడు నెలలు అన్నం బంద్ చేసి జొన్నరొట్టె తిని చూస్త అంటున్నడు. నిజంగనే ఇప్పుడే మొదలువెట్టాల్నా? ఆగితే ఏమన్న నష్టం ఉందా? మీ ఇండ్లల్ల ఎవరికన్న జరిగితే చెప్పండి, నాకు రాత్రి నిద్ర పడుతలేదు.

పల్నాడు పంతులు:
అమ్మా, మీ నాన్నగారి సంగతి చదువుతుంటే నాలుగేళ్ళ కిందటి నేనే కనపడ్డాను. నాకు 57, గవర్నమెంటు స్కూల్లో లెక్కలు చెప్తాను. హెచ్‌బీఏ1సీ 9 దాటిన రోజునే మా డాక్టరుగారు ఇన్సులిన్ అన్నారు, నేను ఇంకో మూడు నెలలు చూద్దాం సార్ అన్నాను. ఆ మాట మూడేళ్ళలో పన్నెండు సార్లు అనుంటాను. ప్రతిసారీ నిజంగానే ప్రయత్నించాను, రాగిసంకటి, కాకరకాయ రసం, పొద్దున్నే గంట నడక, ఒక నెల తగ్గేది మళ్ళీ ఎక్కేది, అబద్ధం చెప్పడం లేదు చాలా కష్టపడ్డాను, కానీ ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లో సరుకు అయిపోయాక నడిస్తే మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది.

ఒకరోజు క్లాసులో బోర్డు మీద లెక్క వేసి వెనక బెంచీ దాకా నడిచి వెనక్కి తిరిగి చూస్తే నేను రాసిన అంకెలే అలికేసినట్టు కనపడ్డాయి. 3 ఏదో 8 ఏదో తెలీలేదు. కంటి డాక్టరు దగ్గరికి పోతే కంటి లోపలి తెర, అదే రెటీనా, వాచింది అన్నారు. అప్పటి నుంచి ఎడమ కంట్లో ఐదు ఇంజెక్షన్లు అయ్యాయి. పొట్టలో గుచ్చుకునే వెంట్రుకంత సూదికి భయపడి చివరికి కంట్లో పొడిపించుకున్నానమ్మా. ఈ ఒక్క ముక్క మీ నాన్నగారికి చదివి వినిపించండి.

ఇన్సులిన్ మొదలెట్టిన రాత్రి మా ఆవిడ ఇన్సులిన్ పెన్ను (పెన్నులాంటి సిరంజి) పట్టుకుని చేతులు వణుకుతుంటే నేనే తీసుకుని బొడ్డుకి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి నొక్కాను. పదంకెలు లెక్కపెట్టి తీశాను. అయిపోయిందా అంది. అంతే. వేలు గుచ్చి షుగర్ చూసుకునేటప్పుడు దానికంటే ఎక్కువ నొప్పెడుతుంది. నాకూ 10 యూనిట్లతోనే మొదలు, పరగడుపు షుగర్ చూసుకుంటూ డాక్టరుగారు చెప్పినట్టు మూడు రోజులకోసారి 2 పెంచుకుంటూ 22 దగ్గర ఆగాను, అప్పుడు పరగడుపున 118. మూడు కిలోలు బరువు పెరిగాను, అది మాత్రం నిజం, ముందే చెప్తున్నా.

ఇంకోటి. ఆఖరి స్టేజి మందు అంటున్నారు కదా, పిల్లలకి నేను చెప్పే సంగతి ఒకటుంది. 1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ వేసింది లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ పిల్లాడికి, ఎముకల గూడులా ఆసుపత్రిలో పడి ఉన్నవాడు, ఆ సూదితో ఇంకో 13 ఏళ్ళు బతికాడు. అంతకుముందు అలాంటి పిల్లలకి తిండి తగ్గించి కడుపు మాడ్చడం తప్ప వైద్యం లేదు. చంపే మందు కాదమ్మా అది.

సిద్దిపేట రవి:
చెల్లె, సూదికి అంత తొందరపడకండి. పొడపత్రి ఆకు, నేరేడు గింజల పొడి పొద్దున పరగడుపున ఒక చెంచా 40 రోజులు ఇచ్చి చూడండి. మా మేనమామకు 180 ఉండేది 130కి వచ్చింది. డాక్టర్లు ఊకెనే భయపెడతరు.

కాకినాడ సిస్టర్:
రవి గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ 180 వేరు 358 వేరు. మీ మేనమామ గారు నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గలేదు కదా. ఈయన విషయంలో 40 రోజులు అంటే ఇంకో రెండు మూడు కిలోల కండ పోవడమే, దయచేసి ఆ సలహా ఈయనకి వద్దు.

అమ్మాయ్, నేను షుగర్ ఓపీలో 19 ఏళ్ళుగా నర్సుని, సూది వేసుకోవడం నేర్పించడమే నా పని. నీ పోస్టులో నాకు గుబులనిపించింది 10.6 కాదు, బెల్టుకి కొత్త తూట్లు. డైటింగ్ చేయకుండా మనిషి అలా కరిగిపోతున్నాడంటే ఒంట్లో ఇన్సులిన్ చాలడం లేదని అర్థం, తిన్న అన్నం రక్తంలోనే తిరుగుతుంది తప్ప కండలోకి వెళ్ళదు, ఒళ్ళు ఆకలికి తన కండనీ కొవ్వునీ తానే కరిగించుకుంటుంది. సన్నబడటం మంచిదే అనుకోవడం ఇక్కడే తప్పు. హెచ్‌బీఏ1సీ 10 దాటినా, షుగర్ 300 పైన తిరుగుతున్నా, దాంతోపాటు దాహం, రాత్రిళ్ళు లేవడం, బరువు తగ్గడం ఉన్నా ఆగకుండా ఇన్సులిన్ మొదలెట్టమనే పెద్ద డాక్టర్లందరూ చెప్తారు. మీ నాన్నకి ఈ మూడూ ఉన్నాయి. ఇవేం లేకుండా ఎనిమిది, ఎనిమిదిన్నర ఉండి మనిషి లావుగా ఉంటే అప్పుడు వేరే దారులున్నాయి, వారానికోసారి వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, కానీ ఇప్పటికే కరిగిపోతున్న మనిషికి అవి కావు.

ఒకసారి మొదలెడితే జీవితాంతమే అని మీ నాన్న భయం కదా. నిజం చెప్తాను. షుగర్ కొత్తగా బయటపడి 400 ఉన్నవాళ్ళకి కొన్ని వారాలు ఇన్సులిన్ ఇస్తే పాంక్రియాస్‌కి కాస్త విశ్రాంతి దొరికి మళ్ళీ బిళ్ళల మీదకి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను, కడుపుతో ఉన్నప్పుడు మాత్రమే షుగర్ వచ్చినవాళ్ళకి చాలామందికి కాన్పుతో ఆపేస్తాం. 14 ఏళ్ళ షుగర్‌కి ఆ ఆశ తక్కువ. షుగర్ బయటపడే నాటికే ఇన్సులిన్ తయారయ్యే శక్తి సుమారు సగం పోయి ఉంటుందని బ్రిటన్‌లో చేసిన యూకేపీడీఎస్ పరిశోధనలో తేలింది, ఆ తర్వాత ఏటేటా ఇంకా తగ్గుతుంది. అంటే మీ నాన్న పత్యం సరిగ్గా చేయలేదనో తప్పు చేశారనో ఇన్సులిన్ రాలేదు. ఆ మాట ఆయనకి గట్టిగా చెప్పాలి, చాలామంది మగవాళ్ళు దీన్ని ఓడిపోయినట్టు అనుకుని లోపల్లోపల కుమిలిపోతారు.

మీ పెదనాన్నగారి గురించి ఒక్కటి అడుగుతాను, కాలికి పుండు ముందు వచ్చిందా, సూది ముందు మొదలెట్టారా? మీ అమ్మని అడిగి చెప్పు.

జనగామ బిడ్డ:
సిస్టర్, అమ్మను అడిగిన. కొత్త చెప్పులు కరిసి మడిమె మీద పొక్కు వచ్చిందంట, నొప్పి తెల్వలేదు కాబట్టి రెండు నెలలు పసుపు పెట్టుకుంట తిరిగిండు, వాసన వచ్చినంక దవాఖానకు తీస్కపోతే షుగర్ 480 ఉందని అప్పుడు సూది మొదలువెట్టిన్రంట. అంటే పుండే ముందు. మా ఇంట్ల ఎవ్వరం ఇన్నేండ్లు ఇది ఆలోచించనే లేదు. ఈ మాట అమ్మ చెప్తుంటే బాపు పక్కనే ఉండి విన్నడు, ఏమనలేదు కని లేచి బయటికి పోయిండు.

చీపురుపల్లి చిన్నోడు:
ఇన్సులిన్ వద్దని చెప్పడానికి రావట్లేదు, మీ నాన్నగారికి అవసరమే అని నాకూ అనిపిస్తుంది. కానీ రెండో వైపు కూడా ఎవరైనా చెప్పాలి. మా అమ్మకి 79, ఊళ్ళో ఒక్కర్తే ఉంటుంది, నేను బెంగళూరులో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. ఆవిడకి హెచ్‌బీఏ1సీ 8.3 ఉంటే, దాహం లేదు బరువు తగ్గడం లేదు, అయినా ఒకచోట పొద్దున రాత్రి వేసుకునే మిక్స్‌డ్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేదీ నిదానంగా పనిచేసేదీ కలిపింది) రాసేశారు. ఏకాదశి రోజు ఉపవాసం ఉండి సూది మాత్రం మానకుండా వేసుకుంది, మానితే డాక్టరు తిడతారని. తెల్లారి పాలబ్బాయి తలుపు కొడితే పలకలేదు, చీరంతా తడిసేంత చెమటతో మంచం మీద పడి ఉంది, షుగర్ 34. దేవుడి దయ, బతికింది. తర్వాత ఇంకో డాక్టరు ఈ వయసుకి, ఒంటరిగా ఉండే మనిషికి 8 దాకా ఉన్నా పర్లేదమ్మా అని ఇన్సులిన్ తీసేసి బిళ్ళలు మార్చారు. అందుకే ఎప్పుడు మొదలెట్టాలి అన్నది ఒక్క అంకె చూసి తేల్చేది కాదు, మనిషి వయసు, ఒంటరితనం, వేళకి తింటారా లేదా, కిడ్నీ ఎలా ఉంది అన్నీ చూడాలి.

మీ నాన్నగారి మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్ ఉందన్నారు. అది పని చేసేదే షుగర్‌ని మూత్రంలోంచి బయటికి పంపి. కాబట్టి చీమలు, కాస్త ఎక్కువ మూత్రం, రెండు మూడు కిలోలు తగ్గడం దానివల్ల కూడా వస్తాయి, చీమల్ని చూసి కంగారు పడకండి, షుగర్ బాగైనా ఆ బిళ్ళ వాడినన్నాళ్ళు వస్తూనే ఉంటాయి. కానీ ఎనిమిది కిలోలు, 10.6 దాని లెక్కలోకి రావు. ఇంకో ముఖ్యమైనది, ఒంట్లో ఇన్సులిన్ బాగా తక్కువైపోయిన మనిషి ఆ బిళ్ళ మీద ఉంటే కీటోన్లు, అంటే ఒళ్ళు కొవ్వు కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు, రక్తంలో పెరిగే ప్రమాదం ఉంది, ఒక్కోసారి షుగర్ మరీ ఎక్కువ లేకుండానే. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసంగా ఊపిరి తీయడం లాంటివి కనపడితే ఇంట్లో మజ్జిగ ఇచ్చి చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అలాగే సూది మొదలెట్టే లోపు అని కాదు, మొదలెడుతూనే డాక్టరుని రెండు మాటలు అడగండి. ఇంత బరువు తగ్గారు కదా, ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కాన్ అవసరమా అని. షుగర్ ఉన్నవాళ్ళకి టీబీ రావడం మామూలు కంటే ఎక్కువ, పెద్ద వయసులో ఉన్నట్టుండి షుగర్ అదుపు తప్పి బరువు పడిపోతే పాంక్రియాస్‌ని కూడా ఒకసారి చూస్తారు. మోకాలి నొప్పికని ఎక్కడైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నారేమో అదీ అడగండి, అది షుగర్‌ని ఒక్కసారిగా ఎగదోస్తుంది.

కాకినాడ సిస్టర్:
చిన్నోడు గారు చెప్పింది ప్రతి ఇంట్లో తెలియాలి. లో షుగర్ సంగతి నేర్పకుండా ఎవరికీ పెన్ను చేతికివ్వకూడదు. చెమటలు, వణుకు, గుండె దడ, చిరాకు, మాట తడబడటం, ఇవి కనపడగానే గ్లూకోమీటర్‌తో చూడాలి, 70 లోపు ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడాలి. చాక్లెట్ కాదు, అందులో కొవ్వు వల్ల షుగర్ ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పొలమారుతుంది, 108కి ఫోన్ చేయాలి. మీ నాన్నకి రాసింది రాత్రి ఒక్క పూట వేసే నిదానం ఇన్సులిన్ అయితే మిక్స్‌డ్ దానికన్నా లో అయ్యే భయం తక్కువ, కానీ గ్లిమెపిరైడ్ కూడా ఉంది కాబట్టి దాని డోసు తగ్గించాలా అని అడుగు. మెట్‌ఫార్మిన్ మాత్రం చాలామందికి అలాగే ఉంచుతారు, సూది వచ్చింది కదా అని బిళ్ళలన్నీ మీరే ఆపేయకండి. ఉన్నట్టుండి షుగర్ బాగా తగ్గితే కంట్లో ముందే ఉన్న రెటీనా జబ్బు కొన్నాళ్ళు ముదిరే అవకాశం ఉంది, అందుకని ఇప్పుడే ఒకసారి కళ్ళు చూపించండి.

పెన్ను కొంటున్నారా సీసానా? ఖర్చు చూసి సీసా తీసుకుంటే ఒక్క సంగతి మరిచిపోకూడదు. మన దగ్గర సీసాలు ఎక్కువగా 40 రకం, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. 100 రకానికి నారింజ మూత సిరంజి. పెన్నులో మందు 100 రకం. పెన్ను లోపలి మందు గొట్టం (కార్ట్రిడ్జి) లోంచి ఎర్ర మూత సిరంజితో లాగి 10 గీత దాకా వేసుకుంటే 25 యూనిట్లు ఒంట్లోకి పోతాయి. పెన్ను పాడైందని ఇలా చేసి వచ్చినవాళ్ళని నా చేతులతో గ్లూకోజ్ ఎక్కించి లేపాను. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ ఒకటేనా అని షాపులోనే చూసుకోవాలి.

కొత్తవి ఫ్రిజ్ తలుపులో పెట్టండి, గడ్డకట్టే అరలో వద్దు, గడ్డకడితే పారేయడమే. వాడుతున్నది చల్లని చోట బయటే నెల రోజులు ఉంటుంది. ఎండాకాలంలో ఫ్రిజ్ లేని ఇళ్ళకి నేను చెప్పేది, మట్టి కుండలో తడి ఇసుక పోసి లోపల చిన్న మూత డబ్బాలో మందు పెట్టి నీడన ఉంచమని. ఇక రోజూ ఒకేచోట గుచ్చకూడదు, గుచ్చిన చోటే గుచ్చితే చర్మం కింద గడ్డలా లేస్తుంది, అందులో వేసిన మందు సరిగ్గా ఒంటికి పట్టదు, నొప్పి తెలీదని అక్కడే వేసుకుంటారు, తర్వాత సూది పనిచేయట్లేదంటారు. ఇవాళ కుడి పక్క, రేపు ఎడమ పక్క, రెండు వేళ్ళు జరిపి.

జనగామ బిడ్డ:
మూడు వారాలయింది, చెప్దామని వచ్చిన. ఆ రోజు బయటికి పోయిన బాపు గంటసేపటికి వచ్చి ఏమీ మాట్లాడకుంట టీవీ కిందికెల్లి చీటి తీసిండు. పంతులు సార్, మీరు కంటి గురించి రాసింది రెండుసార్లు చదివిచ్చుకున్నడు. ముప్పై ఏండ్లు రాత్రి బస్సు నడిపిన మనిషి కదా, కండ్లు అనంగనే మెత్తవడ్డడు.

డాక్టర్‌ను మీరు చెప్పినయన్ని అడిగిన. ఎక్స్‌రే, స్కాన్ రెండూ మంచిగనే వచ్చినయి. గ్లిమెపిరైడ్ సగం చేసిండు. కండ్లల్ల కొంచెం మార్పు మొదలైందంట, ఆర్నెల్లకోసారి చూపియ్యమన్నరు. మోకాళ్ళకు సూది నిజంగనే వేపిచ్చుకున్నడట, రెండు నెలల కింద, మాకెవ్వరికీ చెప్పలే. చిన్నోడన్న అడగమనకపోతే అది బయటికే రాకపోవు.

ఇప్పుడు 18 యూనిట్లు, పరగడుపున నిన్న 136, ఇయ్యాల 129. రాత్రి ఒక్కసారే లేస్తున్నడు. కిలోన్నర పెరిగిండు, చీమలు ఇంకా ఉన్నయి కని ఎందుకో తెలిసింది కాబట్టి భయపడ్తలేం. పెన్ను ఆయనే తిప్పుకుంటడు, ఒక్కొక్క టిక్కు చప్పుడు లెక్కవెట్టుకుంట. ఏ పక్క గుచ్చిండో క్యాలెండర్ మీద రాస్తున్నడు, బస్సు ట్రిప్ షీట్ రాసినట్టు, కుడి అయితే కు, ఎడమ అయితే ఎ.

ఒక్కటి అడగాలె సిస్టర్. వచ్చే వారం కొండగట్టుకు పోదామంటున్నడు, కార్ల, ఒక రాత్రి అక్కడనే. పెన్ను ఎట్ల తీస్కపోవాలె?

కాకినాడ సిస్టర్:
చాలా సంతోషం తల్లీ. పెన్ను డిక్కీలో, డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, కారు ఎండలో ఆగితే మందు ఉడికిపోతుంది. తడి గుడ్డ చుట్టిన చిన్న డబ్బాలో పెట్టి చేతిసంచిలో మీ దగ్గరే ఉంచుకోండి, ఐసు గడ్డకి తగలనివ్వద్దు. సూదులు నాలుగు ఎక్కువ, గ్లూకోమీటర్, పంచదార పొట్లం. మెట్లెక్కి వచ్చిన రాత్రి పడుకునే ముందు ఒకసారి షుగర్ చూడండి, ఎక్కువ నడిచిన రోజు మామూలు కంటే తగ్గుతుంది. దర్శనం లైనులో చెప్పులు విప్పి నడవాలి కదా, వచ్చాక రెండు అరికాళ్ళూ లైటు వేసి నువ్వే చూడు, ఆయన్ని అడిగితే బానే ఉందంటారు.